నాలుగేళ్ళు తిరిగిన సీసా

ఖనిజం మోసే ఓడ మీద వంటగది
ఏప్రిల్ 2, 1997

కుమారి సైమా కోర్పెలా గారి దివ్యసముఖానికి,

తొమ్మిదో తరగతి మధ్యలో బడి కిటికీలోంచి దూకి పారిపోయిన మీ బాబాయ్ వెయికో, ఒక చేత్తో ఉల్లిపాయలు తరుగుతూ రెండో చేత్తో రాసుకునే విన్నపం.

ఏమే, ఇంతకీ ఆ మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళ దగ్గర్నుంచి కవరు వచ్చిందా, రాలేదా? నేను ఓడ ఎక్కిన రోజుకి రాలేదు. పలచటి కవరు వస్తే 'వద్దు' అని, లావు కవరు వస్తే 'రా' అని మీ అమ్మ చెప్పింది. ఎంత లావో కొలిచి మరీ రాయి.

ఇక్కడ అంతా మామూలే. మొన్న కెప్టెన్ గారి చక్కెర డబ్బాలో ఉప్పు పోశాను. ఆయన ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "ఎవడు?" అన్నాడు. బల్ల చుట్టూ తొమ్మిది మందిమి ఉన్నాం. ఎనిమిది మందీ నా వైపే చూశారు. ద్రోహులు.

ఉత్తరాలు ఎప్పట్లాగే డెట్రాయిట్ తపాలా పడవ పేరు మీద వెయ్యి. మేం డెట్రాయిట్ నదిలో పోయేటప్పుడు ఓడ ఆపకుండానే తాడుకి బకెట్ కట్టి ఆ పడవలోకి దించుతాం కదా, అందరి ఉత్తరాలూ ఒకేసారి పైకొస్తాయి. నా పేరున ఏమీ రాకపోతే వీళ్ళంతా జాలిగా నా భుజం తడతారు. అది భరించలేను. కనీసం కరెంటు బిల్లయినా పంపు.

మీ అమ్మతో చెప్పు, ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో పొయ్యి గొట్టం తుడిచానని అబద్ధం చెప్పాను. పొగ కమ్మితే నా పేరు చెప్పుకుని దగ్గమను.

ఉల్లిపాయల వల్ల మాత్రమే ఏడుస్తున్న
బాబాయ్


హెల్మీ పాయింట్, మిషిగన్
ఏప్రిల్ 12

బాబాయ్,

లావు కవరే! అమ్మ దాన్ని వంటగది తక్కెడలో పెట్టి తూచింది. రెండు బంగాళాదుంపలంత బరువుంది. ఆ తర్వాత సింకు దగ్గరకి పోయి, అప్పటికే కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది. పొగ గురించి నిన్ను వేరే తిట్టింది, అది రాయను.

ఒక మెలిక ఉంది. కమ్యూనిటీ కాలేజీలో నా రెండేళ్ళకి అరవై క్రెడిట్లు వచ్చాయి. మన రాష్ట్రంలో చాలా చోట్ల ఆ అరవైనీ అలాగే తీసుకునేవాళ్ళు. ఇది బయటి రాష్ట్రం. వీళ్ళు ఒక్కో క్లాసూ మూట విప్పినట్టు విప్పి చూస్తున్నారు. నేను కుండలు చేసిన క్లాసు చూసి నవ్వారనుకుంటా, పక్కన పెట్టేశారు. మొత్తం యాభై ఆరు ఒప్పుకున్నారు. మిగతా నాలుగూ లేకపోతే ఇంకో టర్ము ఎక్కువ చదవాలి. బయటి రాష్ట్రం వాళ్ళకి ఫీజు ఎలా ఉంటుందో నీకు తెలుసు. అమ్మా నేనూ కూడబెట్టింది సరిగ్గా రెండేళ్ళకే వస్తుంది. ఆ పైన ఒక్క నెల కూడా గడవదు.

కానీ ఒక దారి దొరికింది! అక్కడ డాక్టర్ హోల్‌బర్గ్ అని ఒకావిడ ఉన్నారు. మన సుపీరియర్ సరస్సులో నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నారు. నా అప్లికేషనులో నాన్న సీసాల గురించి రాశాను కదా, అది చదివి ఆవిడే స్వయంగా ఉత్తరం రాశారు. నాన్న ఓడ మీంచి నా కోసం చీటీ రాసి సరస్సులో వేసిన ఏడు సీసాలూ ఎక్కడ వేసినవి, ఎప్పుడు వేసినవి, మన ఒడ్డున ఎప్పుడు దొరికినవి, అంతా పట్టిక కట్టి నివేదిక రాసి పంపమన్నారు. మే ముప్పయ్యో తేదీలోపు పంపితే దాన్నే నాలుగు క్రెడిట్ల పనిగా లెక్కిస్తారట.

ఆవిడకి అన్నిటికంటే నచ్చింది ఏడో సీసా. నాన్న 1984 జూలైలో మానిటూ దీపస్తంభం దగ్గర వేశాడు. నాకు దొరికింది 1988 ఏప్రిల్లో. నాన్న పోయిన మూడున్నరేళ్ళకి! 'దాదాపు నాలుగేళ్ళు ఈ సీసా ఎక్కడ తిరిగింది?' అని ఆవిడ ఎర్రసిరాతో రాసి కింద మూడు గీతలు గీశారు. నేనూ పన్నెండేళ్ళప్పటి నుంచి అదే అడుగుతున్నాను. నా నివేదిక మొదటి వాక్యం అదే.

అది దొరికిన రోజు నువ్వు నాతోనే ఉన్నావు. సరిగ్గా ఏ తేదీ? గాలి ఎటు వీస్తోంది? ఈ ఒక్కసారికి వేళాకోళం లేకుండా రాయి, నా బంగారు బాబాయ్‌వి కదూ.

సైమా


టొలీడో రేవు
ఏప్రిల్ 23

రెండు బంగాళాదుంపల బరువున్న పిల్లకి,

నీ ఉత్తరం బకెట్లోంచి తీసి వంటగది మధ్యలో నించుని గట్టిగా చదివాను. పెద్ద వంటాయన చేతిలో గరిటె అలాగే పట్టుకుని విన్నాడు. కోర్పెలా వంశంలో యూనివర్సిటీ గుమ్మం తొక్కబోతున్నది నువ్వే. మీ తాత ఒకసారి తొక్కాడు గానీ అది బొగ్గు దించడానికి. ఆ రోజు అందరికీ మాంసం ఎక్కువేసి పేస్టీలు చేశాను. కెప్టెన్‌కి కూడా.

తేదీ నాకు గుర్తులేదు. గాలి చల్లగా ఉంది.

అయినా సీసాలెందుకే? అంత చదువుకున్నావిడకి చిన్నపిల్లకి దొరికిన సీసాల్తో ఏం పని? స్మెల్ట్ చేపల మీద రాయి. ఏప్రిల్లో అవి వాగుల్లోకి ఎందుకు ఎగబడతాయో ఎవడికీ తెలీదు. నేను వలలు పట్టుకొస్తా, కావలసినన్ని లెక్కపెట్టుకుందువు గాని, ఆఖర్న వేయించుకు తినొచ్చు. సీసాల్ని వేయించుకోలేం కదా.

లేకపోతే ఆ కుండల క్లాసు వాళ్ళనే ఇంకోసారి బతిమాలు. లేకపోతే ఇంకో టర్ము చదివితే మాత్రం కొంపేం మునుగుతుంది? అసలు మన రాష్ట్రంలోనే చదివితే అరవైకి అరవై ఇస్తారంటున్నావు. అటు ఒడ్డున ఉన్నదీ ఇవే నీళ్ళు. ఆలోచించు.

పెద్ద వంటాయన కేకేస్తున్నాడు. నేనేం చెయ్యలేదు, ఇంకా.

బాబాయ్


హెల్మీ పాయింట్
మే 3

బాబాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క ప్రశ్నకి కూడా జవాబు లేదు. స్మెల్ట్ చేపలా?

నేను సూటిగా అడుగుతా. నన్ను వెళ్ళనివ్వడం నీకిష్టం లేదు, అంతేనా? ఏటా జనవరిలో ఓడ ఆగాక ఇంటికొస్తే నీకు సౌనా వెయ్యడానికీ, నీ వేళాకోళాలు వినడానికీ మనిషి కావాలి, అంతేనా? 'అటు ఒడ్డున ఉన్నదీ ఇవే నీళ్ళు' అట! నాకు పదేళ్ళప్పుడు దిక్సూచి కొనిచ్చింది నువ్వే. 'ఎక్కడికైనా పో, తిరిగొచ్చే దారి తెలిస్తే చాలు' అని చెప్పింది నువ్వే. ఇప్పుడు నిజంగా పోయే రోజొచ్చేసరికి గాలి చల్లగా ఉందా?

అమ్మ ఒక్క మాట అనలేదు. తను ఆసుపత్రిలో ఎక్కువ గంటలు పని చేస్తోంది. ఒప్పుకోలేనిది నువ్వొక్కడివే. నువ్వు అలా చేస్తావని నేనెప్పుడూ అనుకోలేదు.

సరే. తేదీలు నా చిన్నప్పటి నోటు పుస్తకంలో దొరికాయి. నివేదిక దాదాపు అయిపోయింది. కాలేజీలో నాకు సలహాలిచ్చే పెల్టోలా టీచర్ చదివి కళ్ళు తుడుచుకున్నారు. ఇంకొక్కటే కావాలి. చివరి నాలుగు సీసాలు దొరికినప్పుడు పక్కనున్నది నువ్వు, అందుకని సాక్షిగా నీ సంతకం కావాలి. ఫారం ఈ కవర్లోనే ఉంది. 'పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజం' అన్న వాక్యం కింద గీత ఉంది చూడు. అక్కడ పెట్టు చాలు. ఇంకేం రాయక్కర్లేదు.

సైమా


హ్యూరన్ సరస్సు మీద
మే 10

సైమా తల్లీ,

నువ్వు పంపిన ఫారం మూడు రోజులుగా నా దిండు కింద ఉంది. కాగితాల మీద నా సంతకం ఎవరూ పెద్దగా అడగరు. ఇప్పుడు అడిగింది నువ్వు. నేను పెట్టలేను.

నిన్ను ఆపాలని కాదే. నువ్వు చంద్రుడి మీదకి పోతానన్నా పేస్టీలు మూటగట్టి ఇస్తాను. పెట్టలేనిది ఎందుకంటే, అక్కడ రాసింది నిజం కాదు.

ఆ చివరి నాలుగు సీసాలూ మీ నాన్న వెయ్యలేదు. నేను పెట్టాను.

మొదటి మూడూ మీ నాన్నవే, ఒట్టు. 1981, 82, 83. ప్రతి సంవత్సరం నీ పుట్టినరోజు ట్రిప్పులో ఒకటి వేసేవాడు. అవి మన ఒడ్డుకే కొట్టుకురావడం చూసి వాడికి ఎంత గర్వమో. 84లో వేసింది రాలేదు. అక్టోబరులో వాడి గుండె ఆగిపోయింది. నువ్వు ఆ శీతాకాలమంతా బడి నుంచి రాగానే ఒడ్డున ఉన్న పెద్ద రాయి మీద కూర్చునేదానివి. మంచు కట్టేసిన సరస్సు ముందు. అన్నానికి పిలిస్తే వచ్చేదానివి కాదు. "నాన్నది ఇంకా ఒకటి రావాలి" అనేదానివి. ఎనిమిదేళ్ళ పిల్లవి.

మంచు విరిగిన వారం, నేను ఓడ ఎక్కే ముందు రోజు, ఒకటి రాశాను. ఎడమ చేత్తో రాశాను, వాడి రాతలాగా ఉండాలని. తెల్లారగట్ల తీసుకెళ్ళి రాయి పక్కన సగం ఇసకలో పాతాను. అది దొరికిన రోజు నువ్వు రెండు ప్లేట్లు తిన్నావు. అంతే, తర్వాతి ఏడు మానలేకపోయాను. ఆ తర్వాతి రెండేళ్ళు కూడా. పాత తేదీలు వేసి, వాడు దాటే దీపస్తంభాల పేర్లు రాసేవాణ్ణి, నమ్ముతావని.

నీ ఏడో సీసా నాలుగేళ్ళు సరస్సులో తిరగలేదు. నా చంకలో అర మైలు తిరిగింది.

చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. కానీ ఆవిడ గీసిన మూడు గీతలు నిద్ర పట్టనివ్వట్లేదు. ఫారం వెనక్కి పంపుతున్నాను, ఖాళీగా.

వెయికో బాబాయ్


హెల్మీ పాయింట్
మే 17

బాబాయ్,

చాలా బాగుంది. నీ పరిహాసాల్లోకెల్లా ఇదే గొప్పది, ఒప్పుకుంటున్నాను.

'రాష్ట్ర సౌనా శాఖ' పేరుతో ఉత్తరం తయారుచేసి, ఆవిరి మీద పన్ను కట్టాలని రాసి, మూడు వారాలు అమ్మ చేత సౌనా మాన్పించిన మనిషివి నువ్వు. నా టెన్త్ మార్కుల కార్డు వచ్చిన రోజు దాని స్థానంలో వేరే పిల్ల కార్డు పెట్టి నన్ను ఏడిపించిన మనిషివి. దుప్పులకి కూడా రోడ్డు దాటడానికి లైసెన్సు ఉంటుందని ఏడేళ్ళు నమ్మించిన మనిషివి. ఇప్పుడు నన్ను వెళ్ళనివ్వడం ఇష్టం లేక నాన్న సీసాల్ని కూడా వాడుకుంటున్నావు. ఎడమ చేత్తో రాశావా? నువ్వు కుడిచేత్తో రాసినదే సరిగా చదవలేం.

నాకు నవ్వు రాలేదు. మొదటిసారి, నీ ఉత్తరం చదివి నవ్వు రాలేదు.

నీ సంతకం లేకుండానే పంపుతాను. 'సాక్షి అందుబాటులో లేడు' అని రాస్తాను. ఇరవై ఎనిమిదో తారీఖున పోస్టులో వేస్తున్నాను.

సైమా


సూ లాకుల దగ్గర
మే 21

సైమా,

పోస్టులో వెయ్యకు. ముందు ఒక పని చెయ్యి.

సీసాల్లో చీటీలు దాచుకున్న నీ డబ్బాలోంచి ఆఖరి రెండు తియ్యి. వెనక్కి తిప్పు. అవి వంటగది సరుకుల ఫారాలు, నేను చించి వెనక తెల్లభాగంలో రాశాను. కింద కుడివైపు మూల చిన్న అక్షరాలతో అచ్చువేసిన సంవత్సరం ఉంటుంది. భూతద్దం కావాలంటే మీ అమ్మ కుట్టుపెట్టెలో ఉంది.

ఆ సంవత్సరం 1986.

మీ నాన్న 84లో పోయాడు.

వెయికో


డెట్రాయిట్ దాటాక
జూన్ 1

సైమా తల్లీ,

ఇవాళ బకెట్ పైకొచ్చింది. అందరికీ ఏదో ఒకటి ఉంది. నాకు లేదు. ఎవరూ భుజం తట్టలేదు. నా మొహం చూసి ఉంటారు. పెద్ద వంటాయన నా బదులు ఉల్లిపాయలు తరిగాడు.

పంపావో లేదో నాకు తెలీదు. పంపి ఉంటే నిన్ను తప్పు పట్టను. నాలుగు క్రెడిట్లు ఊరికే రావు. నా దగ్గర ఉంటే నావే ఇచ్చేవాణ్ణి. తొమ్మిదో తరగతి సగానికి ఎన్నిస్తారో.

చూశావా, అలవాటు. అది కొట్టేసినట్టు అనుకో.

నువ్వు తిట్టి రాసినా చాలు.

బాబాయ్


హెల్మీ పాయింట్
జూన్ 9

వెయికో బాబాయ్,

చూశాను. 1986.

డబ్బా తీసుకుని అమ్మ దగ్గరకి పోయాను. తను ఇస్త్రీ చేస్తోంది. "ఇవి నాన్న రాసినవి కావా?" అన్నాను. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఆఖరి నాలుగూ కావు" అంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిది చదివిన రోజే. మీ నాన్న ఎప్పుడైనా ఒక పేజీ నిండా రాశాడటే? పెళ్ళికి ముందు నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. 'శనివారం వస్తా' అని, అంతే. నీ మొదటి మూడు చీటీలు చూడు. 'పుట్టినరోజు. నాన్న. దీపం అటు, ఓడ ఇటు.' అలా రాసేవాడు. ఆ తర్వాతవి? పిల్ల జడ గురించీ, పాలు తాగమనీ, చీకటిని చూసి భయపడొద్దనీ! అంత కబుర్లు చెప్పేది ఈ ఇంట్లో ఒక్కడే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెట్టింది. తర్వాత అంది: "రెండో ఏడు తెల్లారగట్ల కిటికీలోంచి చూశానే. మీ బాబాయ్, మీ నాన్న రబ్బరు బూట్లు వేసుకుని ఒడ్డుకి పోతున్నాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి వెనక్కి నడుస్తూ, దేవదారు కొమ్మతో తన అడుగులు తనే చెరిపేసుకుంటున్నాడు. అంత పెద్ద మనిషి. నేను వెళ్ళి పొయ్యి మీద కాఫీ పెట్టాను. ఏమీ తెలీనట్టు."

నాకు నీ మీద కోపంగా ఉంది బాబాయ్. తిట్టి రాయమన్నావు, రాస్తున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లకి అది కావాలి, సరే. పన్నెండేళ్ళకి చెప్పొచ్చు. పదహారేళ్ళకి చెప్పొచ్చు. నేను ఆ సరస్సు చదువే చదువుతానన్న రోజు చెప్పొచ్చు! ఒక సీసా నాలుగేళ్ళు ఎక్కడ తిరిగిందో తెలుసుకోవడానికే నేను ఈ దారిలోకి వచ్చాను. ఇప్పుడు ఆ ప్రశ్నకి జవాబు మా బాబాయ్ చంక అని తెలిసింది. నాన్న ఇంకోసారి పోయినట్టుంది. ఈసారి నాలుగు ఉత్తరాలు పట్టుకుని పోయాడు.

నివేదిక పోస్టులో వెయ్యలేదు. ముప్పయ్యో తారీఖున డాక్టర్ హోల్‌బర్గ్‌కి వేరే ఉత్తరం రాశాను. మూడు సీసాలే నిజమైనవి అని, మిగతా నాలుగూ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో, అంతా చెప్పాను. మూడింటి పట్టిక మాత్రమే పంపాను. అరపేజీ వచ్చింది. ఏడుస్తూ టైపు చేస్తే తప్పులు పడ్డాయి, మళ్ళీ చేశాను.

ఏమవుతుందో తెలీదు. సీటు కూడా పోవచ్చు.

సైమా


క్లీవ్‌లాండ్ రేవు
జూన్ 18

సైమా,

నీ ఉత్తరం బట్టలు ఆరేసే చోట కూర్చుని చదివాను. అక్కడికెవరూ రారు.

నువ్వు తిట్టినవన్నీ న్యాయమే. ఒక్కదానికే జవాబు చెప్తాను, పన్నెండేళ్ళకి ఎందుకు చెప్పలేదని. ఆ ఏడు నువ్వు సీసా తీసుకుని పరిగెత్తుకొచ్చి, "బాబాయ్, నాన్నకి నేను జడ వేసుకుంటానని ఎలా తెలుసు? అప్పుడు నాకు పొట్టి జుట్టు కదా" అన్నావు. దొరికిపోయాననుకున్నాను. నువ్వే మళ్ళీ, "పెరుగుతుందని అనుకుని ఉంటాడు" అన్నావు. నీ మొహం చూశాక చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఇంక రాయలేదు. సరుకుల ఫారాలు కూడా అయిపోయాయని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే, బోలెడున్నాయి.

మీ అమ్మ చూసిందా! పదకొండేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని కాఫీ పోస్తోంది, ఒక్కనాడు మొహంలో చూపించలేదు. ఈ ఇంట్లో నేనే పెద్ద తుంటరిని అనుకున్నాను.

ఆ ప్రొఫెసరమ్మకి నేను రాస్తే ఏమైనా ఉపయోగమా? తప్పు నాది, పిల్లది కాదని. అక్షరదోషాలు ఉంటాయి. నువ్వు వద్దంటే రాయను.

వెయికో


హెల్మీ పాయింట్
జూలై 5

బాబాయ్,

రాయక్కర్లేదు. ఆవిడ జవాబు వచ్చింది. పలచటి కవరు. అమ్మ తూచడానికి ఒప్పుకోలేదు.

సీటు పోలేదు. కానీ మూడు సీసాలకి నాలుగు క్రెడిట్లు రావట. 'మూడు మరీ తక్కువ, నువ్వూ ఒప్పుకుంటావనుకుంటా' అని రాశారు. ఒప్పుకుంటాను. నేను యాభై ఆరుతోనే చేరాలి.

అమ్మ, "ఆ ఎక్కువ టర్ము సంగతి అప్పుడు చూసుకుందాం, ముందు నువ్వు వెళ్ళు" అంది. నేను వద్దన్నాను. ఇక్కడే ఇంకో ఏడాది పని చేసి వెళ్తానన్నాను. ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆఖరికి అమ్మ నా పాత సూట్‌కేసు తెచ్చి మంచం మీద పెట్టి, తెరిచి, అందులో తన ఊలు దుప్పటి పెట్టింది.

ఆగస్టు ఆఖర్న వెళ్తున్నాను. కోపం ఇంకా ఉంది. కానీ నీ ఉత్తరం కోసం మళ్ళీ పోస్టుబాక్సు చూస్తున్నాను, అది కూడా చెప్పాలి కదా. నిజాలు చెప్పుకుంటున్నాం కాబట్టి.

సైమా


మిన్నెసోటా
సెప్టెంబరు 7

బాబాయ్,

నా గది కిటికీ ఇటుకగోడ వైపుంది. మెడ బాగా వంచితే సరస్సు ఒక ముక్క కనిపిస్తుంది. నాతో ఉండే అమ్మాయి నా పక్కన కూర్చుని, "మీ రాష్ట్రంలో అందరూ ఇలా మెడ వంచుకునే ఉంటారా?" అంది. నీకు బాగా నచ్చుతుంది.

డాక్టర్ హోల్‌బర్గ్ పిలిపించారు. అరపేజీ పట్టిక ఆవిడ బల్ల మీద ఉంది. నేను భయపడుతూ కూర్చున్నాను. ఆవిడ సీసాల గురించి ఒక్క మాటా అడగలేదు. ఒక పెట్టె తెరిచి చూపించారు. అరచేతిలో పట్టేంత చెక్క ముక్కలు, నారింజ రంగు వేసినవి, ఒక్కోదాని మీద నంబరు, 'దొరికితే ఈ చిరునామాకి రాయండి' అని. వాటిని ఓడ మీంచి సరస్సులో వెయ్యాలి. ఎప్పుడు, ఎక్కడ, గాలి ఎటు, ఎన్ని అన్నది ఏదీ దిద్దకుండా రాయాలి. ఈ సీజనంతా సరిగ్గా చేస్తే డిసెంబరులో నాకు నాలుగు క్రెడిట్లు. ఒక్క అంకె ఊహించి రాసినా మొత్తం పారెయ్యాలి.

"ఖనిజం ఓడల మీద నీకు నమ్మదగిన మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

నేను పెట్టెలోంచి ఒక చెక్క ముక్క తీసి చూశాను. తర్వాత నీ పేరు చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి, "ఆయనేనా?" అన్నారు.

"ఆయనే" అన్నాను.

పెట్టె మీ ఓడ ఇక్కడికి వచ్చినప్పుడు రేవు ఆఫీసులో ఇస్తాను. లోపల రాసే కాగితాలున్నాయి. ఆఖరి గడి 'ఇతర వివరాలు'. దాన్ని ఎక్కువ వాడకు.

సైమా


ఓడ మీద
అక్టోబరు 12

సైమా,

ఉత్తరం లేదు, లెక్క మాత్రమే. స్థానాలు చుక్కాని పట్టే ఆయన చెప్పినవి, నేను ఊహించినవి కావు. ఆయన సంతకం కూడా పెట్టించాను.

సెప్టెంబరు 19. ఉదయం 6:40. డెవిల్స్ దీవికి ఉత్తరాన ఎనిమిది మైళ్ళు. గాలి పడమర, మామూలుగా. పది చెక్కలు, నంబర్లు 1 నుంచి 10.
ఇతర వివరాలు: తొమ్మిది నీళ్ళలో పడ్డాయి. 4వ నంబరు రెయిలింగుకి తగిలి డెక్ మీద పడింది. మళ్ళీ వేశాను. అది రెండు నిమిషాలు ఆలస్యం.

సెప్టెంబరు 27. మధ్యాహ్నం 1:15. కెవీనా కొనకి తూర్పున పన్నెండు మైళ్ళు. గాలి వాయవ్యం, గట్టిగా. పది చెక్కలు, 11 నుంచి 20.
ఇతర వివరాలు: 17వ దాని మీద కెప్టెన్ బొమ్మ గీయబోయాను. గీయలేదు.

అక్టోబరు 4. వెయ్యలేదు.
ఇతర వివరాలు: జ్వరం. పెద్ద వంటాయన తను వేస్తానన్నాడు. ఆయనకి దిక్కులు సరిగా తెలీవు, అందుకని వద్దన్నాను. వేసినట్టు రాయొచ్చు, ఎవరికీ తెలీదు. రాయలేదు.

అక్టోబరు 11. ఉదయం 7:05. మానిటూ దీపస్తంభానికి ఆగ్నేయంగా నాలుగు మైళ్ళు. గాలి లేదు. పది చెక్కలు, 21 నుంచి 30.
ఇతర వివరాలు: పదమూడేళ్ళ కింద ఇదే తేదీన మీ నాన్న ఆర్నే పోయాడు. చెక్కలు వేశాక ఇది రాస్తున్న వంటవాడు టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. లెక్కకి అక్కర్లేదనిపిస్తే ఈ వాక్యం కొట్టెయ్యి. కానీ జరిగింది.

వెయికో కోర్పెలా, సాక్షి